బొడ్రాయి ప్రకటనపై పంచాయతీ ముద్ర

నా జీవితంలో నేను వ్రాసిన వచనమంతటిలో ఊరివారు ఎక్కువమంది చదివినది పన్నెండు పంక్తుల ప్రకటన ఒక్కటే. తలచుకొని సిగ్గుపడే రచన కూడా అదే.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొన్నేండ్లకు, నార్కట్‌పల్లికి కొంత ఎడంగా ఉన్న మా గ్రామంలో బొడ్రాయిని పునఃప్రతిష్ఠించాలని పెద్దలు నిశ్చయించారు. ఊరి నడుమ నాటిన ఆ శిల ఒకపక్కకు ఒరిగిపోయింది. ఆ యేడు పెద్దరోడ్డు మీద మా ఊరివారు వరుసగా ప్రాణాలు కోల్పోవడంతో, అరిష్టానికి కారణం ఆ ఒరుగేనని జనం నమ్మారు. నేనూ నమ్మలేదని చెప్పలేను. ప్రతిష్ఠకు పూజారులు ఊరికి కట్టు కడతారు. కట్టు ఉన్నంతసేపూ ఊరివాడెవడూ పొలిమేర వెలుపల ఉండరాదు. పరాయివాడెవడూ లోపల అడుగుపెట్టరాదు. మాకు నిర్ణయించిన కట్టు ఆదివారం పొద్దు గుంకినది మొదలు మంగళవారం పొద్దు పొడిచే వరకు.

నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. సర్పంచ్ నా పూర్వ విద్యార్థి. వారం ముందుగానే వచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు.

"సారూ, ప్రకటన రాస్తే మీరే రాయాలె. చదివినోనికి ఒళ్ళు జలదరియ్యాలె" అన్నాడు.

ముప్పై యేండ్ల బోధన తరువాత ఆ మాట వినని చెవి ఉంటుందా? "గ్రామ పంచాయతీ ఇందుమూలముగా శాసించునది ఏమనగా" అని మొదలుపెట్టి, దిగ్బంధనము, గ్రామక్షేమము, ఉల్లంఘనము అంటూ సమాసాల మీద సమాసాలు పేర్చాను. దానిని పంచాయతీ కాగితం మీదనే అచ్చు వేయించాలన్న ఆలోచన కూడా నాదే. ఒట్టి కాగితం మీద ఆ భాషకు తగిన గాంభీర్యం రాదనిపించింది.

పంచాయతీ కార్యదర్శి కల్వకుర్తి వైపు నుండి వచ్చిన యువతి. కాగితం మొత్తం చదివి మెల్లగా బల్లమీద పెట్టింది.

"సార్, పండుగ ఊరిది, జేసుకోండి. ఈ కాయితం మాత్రం ఆఫీసుది. పండుగ కమిటీ పేరు మీద రాయండి, జిరాక్సులు నేనే తీయిస్తా."

"అమ్మా, ధర్మాన్ని కాపాడడం రాజు పనిగానే మన గ్రంథాలు చెప్పాయి. నీకు ఉద్యోగం కొత్త."

"కొత్తదే సార్, అందుకే భయం. ఊర్ల నమాజు చేసేటోళ్ళున్నరు, చర్చికి పోయేటోళ్ళున్నరు. నల్లా నీళ్ళు రాకుంటె వాళ్ళు గూడ ఈ ఆఫీసుకే వస్తరు. వాళ్ళకు ఇదొక్కటే ఆఫీసు."

సర్పంచ్ పెద్దగా నవ్వాడు. "మేడం, మాకు రాజ్యాంగం చెప్పనీకి కల్వకుర్తి నుంచి ఇంత దూరమొచ్చిండ్రా?"

నేనూ నవ్వాను. రాజ్యాంగ ప్రవేశికను ఏటేటా పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి, "లౌకిక" అన్న మాటకు నల్లబల్ల మీద అర్థం వ్రాసినవాణ్ణి, నవ్వాను. ఆ మాట నాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగానే పరిచయం. ఆమె సంతకం చేయలేదు. సర్పంచ్ సొరుగు లాగి, పంచాయతీ ముద్ర తీసి తానే కొట్టాడు.

కాగితాలు గోడలకెక్కాయి. తడిచెత్త పొడిచెత్త వేరు చేయండని రోజూ చెప్పే పంచాయతీ ట్రాక్టరు మైకులో నా సమాసాలు వీధివీధినా ఊరేగాయి.

ఆదివారం మధ్యాహ్నం ఒక ఇల్లాలు మా గడపలో నిలబడింది. ఆమె భర్త మగ్గం నేసేవాడు, చిన్ననాట నా దగ్గర ఏడవ తరగతి వరకు చదివాడు. రెండేండ్లుగా మూత్రపిండాలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు ఆటోలో నల్లగొండ దవాఖానకు పోయి రక్తం శుద్ధి చేయించుకొని వస్తాడు.

"సారూ, జర మా ఇంటిదాక రాండ్రి. రేపు దవాఖానకు పోనంటాండు."

"రేపు తప్పితే ఎట్లా?"

"శుక్రారం పోయొచ్చినం. రేపు తప్పితే మళ్ళ బుధారమే. అన్ని దినాలు ఆగుతడా ఆ మనిషి? ఇప్పటికే పండుకుంటె ఊపిరాడక కూసోనే ఉంటాండు. మా అక్కది నల్లగొండనే, రేపు ఆడ పండుకొని కట్టు ఇడిసినంకనే వస్తం. మీ మాటంటె ఇంటడు."

దారిపొడవునా ఆపద్ధర్మం గురించి చెప్పవలసిన మాటలు కూర్చుకుంటూ నడిచాను. అతడు గోడకానుకొని కూర్చున్నాడు. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. ప్రాణం కంటె పెద్ద నియమం లేదని, శాస్త్రాలే సడలింపు ఇచ్చాయని నేను చెప్పినదంతా ఓపికగా విన్నాడు.

"గదంత నాకెరికే సారూ. బొడ్రాయి తల్లి నన్నేమనది. తల్లీ, పానం మీదికొచ్చింది, తప్పు కాయమంటె కాస్తది. ఎన్నిసార్లు కాయలె!"

"మరి పోవడానికేమి?"

"వద్దన్నది సర్కారు గద." ఊపిరి కూడదీసుకొని మళ్ళీ అన్నాడు. "నా పింఛన్ కాయితం మీద గదే ముద్ర. ఇంటి కాయితం మీద గదే ముద్ర. సర్కారు తప్పు చేస్తె దేవునికి మొక్కుకుంటం. దేవునికి కోపమొస్తె సర్కారు దవాఖానకు పోతం. ఇద్దరొక్కటై వద్దంటె నేనెవరికి చెప్పుకోవాలె సారూ?"

"అది సర్కారు మాట కాదు నాయనా. నేను మా అరుగు మీద కూర్చొని వ్రాసినది" అన్నాను.

"మీరే రాసిండ్రని వినంగనే ఎరికైంది. ఒక్క ముక్క సమజ్ కాలె." నవ్వబోతే దగ్గు వచ్చింది. భార్య వీపు నిమిరింది. దగ్గు ఆగిన తరువాత అన్నాడు: "రాసింది మీరే గావచ్చు. మాట్లాడింది మాత్రం సర్కారే."

ఏలికకు, వేలుపుకు ఒకే కంఠం ఉండడమే సుభిక్షమని చదివి పెరిగినవాణ్ణి నేను. ఆ కంఠం "పోవద్దు" అన్నప్పుడు నేలమీద కూర్చున్నవాడికి మరి తలుపే ఉండదన్న సంగతి ఏ వ్యాఖ్యానమూ నాకు చెప్పలేదు. పోవద్దని ఆ సర్కారు నోటితో అన్నవాణ్ణి నేనే.

తిన్నగా పంచాయతీ కార్యాలయానికి పోయాను. కార్యదర్శి పండుగకు నీళ్ళ ట్యాంకర్లు పిలిపించే పనిలో ఉంది. జరిగినది చెప్పాను. నేను ఎదురుచూచిన దెప్పిపొడుపు ఆమె నోట రాలేదు.

"వాపస్ తీసుకోవాలె సార్. నేను సంతకం పెడత. కాని ముద్ర కొట్టింది సర్పంచ్ గారు. ఆయన ఒప్పుకోవాలె."

సర్పంచ్ బొడ్రాయి దగ్గర పందిట్లో ప్రధాన పూజారితో మాట్లాడుతున్నాడు. నా మాట వింటూనే ముఖం ఎర్రబడింది.

"సారూ, మీరే రాసి మీరే మాట మారుస్తె ఎట్ల? రేపు ఊరికేమన్నయితే జనం నా గల్ల పట్టుకుంటరు."

"ఆ మనిషికేమన్నా అయితే?"

"ఎవరాపిండ్రు? పొమ్మనుండ్రి."

"నీ ముద్ర ఆపింది. నా భాష ఆపింది."

అంతవరకు మామిడాకులు సర్దుతున్న పూజారి తల ఎత్తాడు. "సర్పంచ్ సాబ్, ఒక మాట చెప్పాల్నా? మా తాత, నాయిన ముప్పై ఊర్లకు కట్టు కట్టిండ్రు. ఎన్నడు ఆఫీసు ముద్ర అడగలె. నా మంత్రం మీద మీకు నమ్మకం లేదా, పంచాయతి కాయితం తోడు పెట్టిండ్రు?"

పందిట్లో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

"రోగిష్టోడు పోతె కట్టు తెగదా మరి?" అన్నాడు సర్పంచ్.

"నన్నడిగితె నేను చెప్తుంటి. మీరు నన్నడగలె, మైకుల చెప్పిండ్రు. పొయ్యేటోడు తల్లికి చెప్పి పోతడు, కట్టు ఇడిసినంక వస్తడు. గంతే."

సర్పంచ్ ఒరిగిన ఆ రాయి వంక ఒకసారి చూచాడు. "రాయుండ్రి సారూ. గని ఈసారి జర మాకు సమజయ్యేటట్టు" అన్నాడు.

కార్యదర్శి బల్ల ముందు కూర్చొని వ్రాశాను: "బొడ్రాయి కట్టు పాటించమని గ్రామ పంచాయతీ ఎవరినీ ఆదేశించదు. మొదటి ప్రకటన తప్పు. అది రద్దయినది. పాటించడం నమ్మినవారి ఇష్టం. పోయేవారిని ఎవరూ ఆపరాదు." ఇంత చిన్న వాక్యాలు వ్రాయడానికి నాకు నాలుగు కాగితాలు పాడైనాయి. ఆమె సంతకం చేసింది. సర్పంచ్ కూడా చేశాడు. పొద్దు గుంకకముందే ట్రాక్టరెక్కి, మైకు పట్టుకొని నేనే చదివాను. మొదటిది వ్రాసినవాణ్ణి నేనేనని కూడా చెప్పాను. కొందరు తలుపులు వేసుకున్నారు.

సోమవారం ఉదయం నేను పొలిమేరకు పోయేసరికి బాటకు అడ్డంగా పసుపు తాడు కట్టి ఉంది. పక్కన కుర్చీలు వేసుకొని నలుగురు రైతులు కాపలా కూర్చున్నారు. ఆటో వచ్చి తాడు ముందు ఆగింది.

వారిలో పెద్దవాడు లేవకుండానే అన్నాడు: "సారు కాయితం జూసినం. పొయ్యేటోణ్ణి ఆపం. గని ఊరికేమన్నయితే నీ ఇంటికే వస్తం."

"రాండ్రి కాకా," అన్నాడు ఆటోలోంచి నేతగాడు. "మీరొచ్చి చాయ తాగుండ్రి. నాకైతె డాక్టరు నీళ్ళు గూడ కొలిచే తాగమన్నడు."

పెద్దాయన మూతి బిగించుకున్నాడు గాని, మిగిలినవారిలో ఒకడికి నవ్వాగలేదు.

కొత్త కాగితం అక్కడే కరెంటు స్తంభానికి అంటించి ఉంది. అతడు భార్య భుజం పట్టుకొని దిగి, దాని ముందు నిలబడి ఒక్కొక్క మాట పలుకుతూ చదివాడు. ముద్ర ఉన్నచోట వేలితో తాకి చూచాడు. నేను పక్కనే ఉన్నా నావైపు తిరగలేదు. ఊరి నడిబొడ్డు వైపు తిరిగి, వంగలేని నడుమును వీలైనంత వంచి చేతులు జోడించాడు.

"తల్లీ, ఇగ మన నడుమ ఎవ్వరు లేరు, నువ్వు నేనే. దవాఖానకు పోతాన, మన్నించు" అన్నాడు.

కుర్చీలోని పెద్దాయన లేచి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా పసుపు తాడు ముడి విప్పి, ఆటో దాటేదాకా ఒక కొసను చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.