రోడ్డు గురించి పెద్దమ్మ చెప్పింది

విమానాశ్రయం తెరిచిన రెండేళ్లకు నేను ఎకనామిక్స్‌లో ఎంఏ చేరాను. శంషాబాద్ పక్కన మా ఊరి పొలాలు చాలావరకు అప్పటికే దాని గోడ లోపలికి పోయాయి. టమాటలు పండించిన మా బాపు మార్కెట్లో టమాటలు కొనుక్కొచ్చేవాడు.

క్లాసులో అభివృద్ధి పాఠం వచ్చిందంటే సారుకు మా విమానాశ్రయమే ఉదాహరణ. భూమి విలువ ఎలా పెరిగిందో బోర్డు మీద గీత గీసి చూపించేవారు. భూమి పోయినవాళ్లు ఆ గీతలో ఎక్కడుంటారు సార్ అని ఒకసారి అడిగాను.

“అది సోషియాలజీ వాళ్లను అడగాలమ్మా,” అన్నారు. క్లాసంతా నవ్వింది.

రెండో ఏడు ప్రాజెక్టుకు ఆయనే నాకు గైడ్. విమానాశ్రయానికి వేసిన కొత్త రోడ్డుతో చుట్టుపక్కల ఊళ్లకు ఏమైందో రాస్తానంటే వెంటనే ఒప్పుకున్నారు. పొంగిపోయాను. వానాకాలమంతా సాతంరాయి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, జనం మాటలు రికార్డు చేసి, లెక్కలు పట్టికలుగా వేసి, అన్నీ టైపు చేసి ఆయన చేతికిచ్చాను. వాటిలో మా పెద్దమ్మ మాటలూ ఉన్నాయి.

“రోడ్డు మంచిగనే ఏసిండ్రు బిడ్డా,” అంది పెద్దమ్మ. “గని మాకోసం ఏసిండ్రా? బర్లను అవుతలికి తోలుకపోవాలంటే పానం గజగజ వణుకుతది. నిరుడు సూడి బర్రెను కారు గుద్దిపాయె. ఆపి సూసినోడు లేడు.”

ఆ చలికాలం విమానాశ్రయం దగ్గర ఒక పెద్ద హోటల్లో సెమినార్ జరిగింది. వచ్చినవాళ్లకు సంచులు, బ్యాడ్జీలు ఇచ్చే పని మా విద్యార్థులది. సారు మాట్లాడే సమయానికి వెళ్లి వెనక నిలబడ్డాను. తెర మీద నా ఊళ్లు, నా పట్టికలు, వాటి కింద ఆయన పేరు. చివర్లో ఒక గ్రామీణ మహిళ మాట అంటూ పెద్ద అక్షరాల్లో చూపించారు: “రోడ్డు మంచిగనే ఏసిండ్రు బిడ్డా.” అంతే. హాలు చప్పట్లు కొట్టింది.

భోజనాల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. “సార్, ఆమె చెప్పింది సగమే చూపించారు.”

“ఒక్క స్లైడ్‌లో ఎంత పడుతుందమ్మా?” ప్లేటులోంచి తల ఎత్తలేదు. “పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నావు కదా. ఇలాంటివి పట్టించుకోకు.”

ఇంటికొచ్చాక పెద్దమ్మ అడిగింది. “మా గోస పెద్దోళ్లకు జెప్పినవా?”

“లే పెద్దమ్మా. రోడ్డు మంచిగుందని నువ్వన్నట్టు జెప్పిండ్రు.”

“గట్లెట్ల జెప్తరు? నువ్వు ఆడనే ఉన్నవు గద?” అంది.

నా ప్రాజెక్టులో పెద్దమ్మ మాటలు మొత్తం పెట్టాను. సారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. నేను మళ్లీ టైపు చేసి, అలాగే బైండు చేయించి ఇచ్చాను. వైవాలో ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మార్కులు మాత్రం పాసవడానికి సరిపోయేన్ని వేశారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో కూడా ఎదురుగా ఆయనే కూర్చున్నారు. పక్కనున్నవాళ్లతో, “మంచి అమ్మాయే. కాస్త ఆవేశం,” అన్నారు నవ్వుతూ.

సీటు రాలేదు. ఆ ఏడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. రవాణా సౌకర్యాల వల్ల గ్రామాలకు కలిగే లాభాలు రాయమని పుస్తకంలో ఒక ప్రశ్న ఉంది. పిల్లలకు ఏటా దాని జవాబు నేనే రాయిస్తున్నాను.