మా వీరాచారి చేసిన తొమ్మిదడుగుల పలక

మా భాగ్య ఫస్ట్ వచ్చిందప్పా!

మొన్న మంగళూరు దిక్కు సముద్రంలో పోటీ జరిగింది. అలల మీద పలకేసుకొని నిలబడి పోతారు చూడండి, ఆ ఆట. లాంగ్‌బోర్డు పోటీలో నా కూతురే ఫస్ట్. మా ఊరు రాయచెర్లు పిల్ల!

ఆ పలక చేసింది మా వీరాచారి.

నిన్న పొద్దున స్వీట్ బాక్సు తీసుకొని ఆయప్ప ఇంటికే పోతావుండా. దావలో ఆయప్ప కొడుకు మంజు ఫోన్ చేసినాడు. "చిన్నాయనా, నాయిన లేడు" అన్నాడు.

ఇంత పొద్దున్నే యాడికి పోయినాడురా, అని అడిగినా నేను.

వాడు ఏడుస్తావుంటే అప్పుడు తెలిసింది.

సావింట్లో కూర్చొని ఫోన్లో అందరికీ పాప గెలిచిందని రాయొచ్చునా అని నిన్నంతా వెనకాడినా. ఆచారి పెండ్లాం, మా సరోజమ్మ వదినే చెప్పింది. "రాయి మరిదీ. ముందర పాప గెలిచింది రాయి. మీ అన్న పోయింది ఆమీట రాయి. ఆయప్పకు అట్లయితేనే నచ్చుతాది."

అందుకే రాస్తావుండా.

తెలీనోళ్లకు చెప్తా. వీరాచారి మా ఊరి వడ్రంగి. బండ్లు, మడకలు, తలుపులు చేసేవాడు. భూములు సోలార్‌కు ఇచ్చినాక దున్నే మడక ఎవరికి కావల్ల? నా నాలుగెకరాలూ ప్యానెళ్ల కిందనే ఉండాయి. ఆయప్ప పోయి ప్లాంటు గేటు కాడ వాచ్‌మన్‌గా కూర్చున్నాడు.

మా భాగ్య మంగళూరులో నర్సు. సెలవు దినాల్లో ఈ ఆట నేర్చుకునింది. నాకు భయమే. మన పక్క మోకాటి లోతు నీళ్లు చూసి ఎన్నేండ్లాయ!

కొత్త బోర్డులు పొట్టిగా ఉంటాయంట. గిర్రున తిరుగుతాయి, ఎగురుతాయి. పిల్లోళ్లంతా అవే కొంటారు. పాతకాలందేమో పొడుగు. దాని మీద ఎగిరేది లేదు. చిన్న అలొచ్చినా ఎత్తుకుంటాది. మనం మెల్లగా అడుగు మీద అడుగు వేసుకుంటా ముందు కొస దాకా నడవచ్చు.

"కొత్తది బైకు మాదిరి నాయినా, మనమే తిప్పల్ల. పాతది జత కుదిరిన ఎద్దుల బండి. పగ్గం వదిలేసి నిలబడొచ్చు" అనింది.

అదీ కొయ్యతో చేసిందే కావల్లని ఆశ. ఆచారి కాడికి పోయి పేపర్ మీద బొమ్మ చూపించింది.

"పేపర్ మీద ఏనుగు గూడా చిన్నదే. నేల మీద గీయమ్మీ" అన్నాడు.

వాకిట్లో ముగ్గుపిండితో తొమ్మిదడుగుల పలక గీసింది. మూడు దినాలు దాన్ని ఎవర్నీ తొక్కనీలే ఆయప్ప.

కొయ్య యాడిది అనుకున్నారు? ప్యానెళ్లు వచ్చిన పెట్టెల చెక్క! ఊరంతా పొయ్యిలో పెట్టుకునే చెక్క. తేలిగ్గా ఉంటాదని ఏరి తెచ్చినాడు. లోపల బోలు, పక్కటెముకల మాదిరి అడ్డకర్రలు. ఒక్క మేకు లేదు, అంతా కొయ్య చీలలే.

అందరూ నవ్వినారు. "ఏం ఆచారీ, తాగేదానికి నీళ్లు లేని ఊర్లో పడవ చేస్తాండావా?"

"నీళ్లు వచ్చినాక మొదలుపెడితే లేటవుతాది లేప్పా" అనేవాడు.

శెనక్కాయల లారీలో పంపించినాం. నీళ్లు దిగకుండా మంగళూరు పడవలోళ్లు పైన రెసిన్ జిగురు పూసినారు. మొదటిసారి సముద్రంలో దింపే దినం నేనూ ఆచారీ పోయినాం.

తమాషా ఆడ జరిగింది.

కొత్త బండికి ఆముదం పూసే కదా తోలేది. ఆచారి పొద్దున్నే లేచి పలకంతా ఆముదం రుద్ది, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసినాడు. బాటిల్ పట్టుకునింది నేనే!

పాప ఎక్కింది. జారి పడింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ పడింది. ఆరుసార్లు.

నేర్పించే సారు వచ్చి పలక మీద చెయ్యి పెట్టి, "ఇదేం పూసినారు?" అన్నాడు.

"ఆముదం సార్. కొయ్యకు మంచిది."

"అయ్యో, కాలు జారకూడదని మేము మైనం పూస్తాం గదయ్యా!"

అప్పుడు ఆచారి ముఖం చూడల్ల మీరు. పంచె ఎగ్గట్టి, షాంపూ ప్యాకెట్లు ఒక దండ కొనుక్కొచ్చి, ఇసకలో కూర్చొని మధ్యాహ్నం దాకా తోమినాడు. సారే మైనం ఇచ్చి పూయించినాడు.

ఆమీట భాగ్య ఎక్కింది. నిలబడింది. మడి గట్టు మీద నడిచినట్ల పలక కొస దాకా నడిచింది. చుట్టూ పొట్టి బోర్డులోళ్లు ఎగిరెగిరి పడతావుంటే, ఆయమ్మి చేతులు కిందికి వదిలేసి ఒడ్డుకొచ్చింది. మా రాణి!

ఆచారి నా భుజం మీద ఒక్కటిచ్చి, "ఒరే, మన బండి పోతాంది రా" అన్నాడు.

ఈ రెండు నెల్లూ ఆయప్ప మంచంలోనే. ఊపిరి ఆడేది కాదు. పోటీ ఉండాదని తెలిసినప్పటి నుంచీ దినామూ ఒకటే మాట, "అయిందా?" అని. ఆ లోపలే ఏమన్నా అయితే ఎట్లరా దేవుడా అని నాకు భయం.

మొన్న పాప ఒడ్డు నుంచే వీడియో కాల్ చేసింది. నేను ఉరుక్కుంటా పోయి ఫోన్ ఆయప్ప ముందర పట్టినా.

"పెద్దనాయనా, ఫస్ట్! అందరివీ ఫారిన్ బోర్డులే, నాదొక్కటే నువ్వు చేసింది!"

ఆచారి నవ్వలే. "నీళ్లు దిగినాయా?" అన్నాడు.

"చుక్క దిగలే పెద్దనాయనా."

"చీలలు కదిలినాయా?"

"ఒక్కటీ కదల్లే."

"యాదీ, చూపీ."

పాప ఫోన్‌ను ఆ కొస నుంచి ఈ కొస దాకా పలక మీదనే తిప్పింది. ఆయప్ప కండ్లతోనే తడిమి చూసినాడు. అంతా అయినాక, "బాగుండాది" అన్నాడు.

నలభై ఏండ్లలో ఆయప్ప తన పనిని బాగుండాది అనగా నేను వినింది అదొక్కసారే.

పోయిరా వీరన్నా. ఇంక దగ్గు లేదు, ఆయాసం లేదు. హాయిగా పడుకోప్పా.

ఇది చూసినోళ్లు వీళ్లకు రెండు మాటలూ తెలపండి:

మడకశిరలో ఆచారి తమ్ముడు రామాచారి.

చళ్లకెరెలో సరోజమ్మ వదిన అన్న తిప్పేస్వామి.

హిందూపురంలో భాగ్య అక్క, మా పెద్దమ్మి అత్తగారోళ్లు.

పెనుకొండలో ఆచారి అక్క ఈరమ్మ. ఆయమ్మకు చెవులు వినపడవు, ఫోన్ చేయొద్దండి. ఎవరన్నా ఇంటికి పోయి, పక్కన కూర్చొని, చెయ్యి పట్టుకొని చెప్పండి.