ముల్లు ఎత్తేసే చోట

మా ఆయన పోయాక ఆయన వాయించిన పాటకు మూడుసార్లు కొత్త రికార్డు వేశారు. మూడుసార్లూ కొన్నాను. మూడుసార్లూ మోసపోయాను.

మాది ధర్మవరం. మామూలు రోజుల్లో మగ్గం, పెళ్లిళ్ల కాలంలో బ్యాండు. ఆయన క్లారినెట్టు అందుకుంటే ఊరేగింపు ముందుకు కదిలేది కాదు, జనం అక్కడే చిందులేసేవాళ్లు. ఒకసారి బెంగళూరులో రికార్డు కంపెనీవాళ్లు బ్యాండును పిలిపించి, ఆ డ్యాన్సు పాటను రికార్డు చేసుకున్నారు. చివర్లో కాస్త జాగా మిగిలిందట. "మీరెవరో చెప్పండి" అంటే అందరూ సిగ్గుపడి ఆయన్ను ముందుకు తోశారు. ఆయన ఊరు చెప్పాడు, తన పేరు చెప్పాడు, ఆ వెనక చిన్నగా దగ్గాడు. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ నాలుగు మాటల్లోనే.

ఆ రికార్డు పగలకూడదని ఆయన పట్టుపంచెలో చుట్టి పెట్టెలో దాచాను. ఆయన పోయిన పదోనాడు, పోయినవాళ్ల బట్టలు చాకలికి ఇవ్వాలని మా అత్త ఆ పంచెను కూడా మూటలో కట్టేసింది. నన్ను మూలన కూర్చోబెట్టారు, నన్ను అడిగేదెవరు? చాకలామె మూటను బండ మీద దించేసరికి లోపల ఫట్‌మందట. ముక్కలు కొంగులో పోసుకుని తెచ్చింది.

"ఊరికే దించినానమ్మా, కొట్టనుగూడా లేదు" అని ఏడ్చింది. మా అత్త మాత్రం, "పోయినోడి వస్తువు పోయినోడెనకాలే పోవాల. దానికేడుస్తావేమే?" అంది. కొడుకు గొంతు కదా అది! ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రెండేళ్లకు ఆ పాట మళ్లీ వచ్చిందని తెలిసి హిందూపురం బస్సెక్కాను. సోమందేపల్లిలో టైరు పంచరై ఎండలో నిలబడ్డా నాకు కోపం రాలేదు. కోపం అంగట్లో వచ్చింది. ఎర్రచీటీ అంటించిన కొత్త రికార్డు. అంగడతను గ్రామఫోను మీద పెట్టాడు. అదే క్లారినెట్టు. పాట అయిపోయింది. ముల్లు కింద రికార్డు ఉత్తినే తిరుగుతూ ఉంది. మాటలు లేవు.

"ఆఖర్న మాటలుండాలప్పా, యాడికి పోయినాయి?"

"తీసేసినారక్కా. పాట నిండుగా ఉండాది గదా, మాటలెవురికి గావాల?"

"చీటీ మీదన్నా రాసినారా, వాయించిందెవురని?"

"డ్యాన్సు బ్యాండు అని ఉండాది, అంతే. ఎవురి పేరుండాల? చెప్పు, చూస్తా."

ఆయన బతికుండగా ఆ పేరు నోట పలకనిదాన్ని, పోయాక అంగట్లో ఎలా పలుకుతాను?

"పేరు జెప్పకుండా పేరు ఎతకమంటే ఎట్లక్కా!" అని అతను నవ్వాడు.

అయినా కొన్నాను. తర్వాత నీలంచీటీ వచ్చింది. ఆ తర్వాత వెనకవైపు వేరే పాట పెట్టి పచ్చచీటీ. వీళ్లకు ఈసారైనా బుద్ధి వచ్చుంటుందని ప్రతిసారీ కొన్నాను. రాలేదు. మనిషి ఊపిరి అమ్ముకుంటారట, పేరు మాత్రం బరువైందట! చీర మీద నేసినవాడి పేరు ఉండదు, నిజమే. కానీ పేరు నేసిన అంచును కత్తిరించి చీర అమ్మేవాణ్ణి ధర్మవరంలో ఏమంటారో నేనిక్కడ చెప్పను.

పచ్చచీటీ వచ్చిన ఏడే పెనుకొండలో బంధువుల పెళ్లికి పోయాను. ముండమోసినదాన్ని కనుక వంటల దగ్గరే కూర్చున్నాను. మైకుసెట్టు బూరలో ఆ పాట మొదలైంది. ఇసుకలో బండి ఈడ్చినట్టు గరగరమంటోంది. పాత రికార్డు! గరిటె పారేసి పరుగెత్తాను. పాట ముగియగానే మైకుసెట్టాయన టక్కున ముల్లు ఎత్తేశాడు.

"ఎందుకెత్తినావప్పా?"

"ఇంగ మాటలేమ్మా. పెండ్లిలో ఆ సోది ఎవురింటారు? ఎప్పుడూ ఈడికే ఎత్తేస్తా."

చెయ్యి లేవబోయింది. ఆ కోపంలోనే ఒక సంగతి తట్టింది.

"ఎప్పుడూనా?"

"కొన్నప్పట్నుంచీ."

అయితే ఆ రికార్డులో ముల్లు అరగదీయని చోటు అదొక్కటే!

"పెట్టప్పా. బూరలోనే పెట్టు."

పెట్టాడు. పాట తోక గరగరలాడి, ఒక్కసారిగా తేటపడింది. ఊరు. పేరు. దగ్గు. నిన్న పలికినట్టుంది. వీధంతా వినపడింది.

"ఎవురమ్మా ఆయప్ప?" అన్నాడు.

"నా మొగుడు. నువ్వు సోది అంటివే, ఆయప్పే."

అతను రికార్డు తీసి తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

"నీ దాంట్లో పాట అరిగిపోయింది. నా దగ్గర కొత్తవి మూడుండాయి, పాట నిండుగా ఉండాది. అవి తీసుకో. ఇది నాకియ్యి."

"మూటికి ఒగటా? బాగా ఆలోచన చేసినావామ్మా?"

"నీకు పాట గావాల, నాకు మాటలు గావాల. ఇంగేం ఆలోచన?"

మరునాడే మూడూ తెచ్చిచ్చి, దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఈసారి పంచెలో చుట్టలేదు. ఇంట్లో గ్రామఫోనుకు కీ ఇచ్చి ముల్లు సరిగ్గా చివర్లో దించాను. మా అత్త చేటలో బియ్యం వదిలేసి గోడకు ఒరిగింది. దగ్గు దాకా విని, "ఇంగోసారి పెట్టమ్మే" అంది.

పోయినోడెనకాలే పోవాలంటివే అని నోటిదాకా వచ్చింది. ముల్లు ఎత్తి, మళ్లీ అక్కడే పెట్టాను.