సత్తిబాబు మీద సత్తిబాబు దావా

ఒక మనిషి చేత తన మీద తానే దావా వేయించిన ప్లీడరును మీరెప్పుడైనా చూశారా అండీ? చూడకపోతే ఇప్పుడు చదువుతున్నారు. ఆ ఘనుణ్ణి నేనే.

తాడేపల్లిగూడెం కోర్టులోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. నేనప్పుడు జూనియర్ని. చేతిలో కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్టు ఉంది కాబట్టి, న్యాయదేవత నా కోసమే కాచుకుని కూర్చుందనుకునేవాణ్ణి.

పెంటపాడు రైతు సత్తిబాబు గారి పొలానికి నీళ్లొచ్చే బోదెను పక్కరైతు గంగరాజు పూడ్చేశాడు. నారుమడి నెర్రెలిస్తోంది. రెండు రోజుల్లో కోర్టు ఆర్డరు రాకపోతే ఆ ఏడు ఆయనకు నాట్లు లేనట్టే. దావా నేనే కంప్యూటర్లో కొట్టి మా సీనియర్ గారి ముందు పెట్టాను.

"ఏమయ్యా, పూడ్చినవాడు సత్తిబాబనీ, నష్టపోయినవాడు గంగరాజనీ కొట్టావు. పేర్లు తారుమారయ్యాయి. పన్నెండు పేజీలూ మళ్లీ కొట్టాలిగా?"

"రెండు నిమిషాలండి. ఇది టైపు మిషను కాదు కదండీ," అన్నాను, ఆయన మీద జాలిపడుతూ.

సత్తిబాబు అని ఉన్నచోటల్లా గంగరాజు అని మార్చమన్నాను. మార్చింది. తర్వాత గంగరాజు అని ఉన్నచోటల్లా సత్తిబాబు అని మార్చమన్నాను. అదీ మార్చింది. చెప్పిన మాట వినడంలో దాన్ని మించింది లేదు. ప్రింటు తీసి, చదవకుండానే సత్తిబాబు గారి చేత సంతకాలు పెట్టించి కోర్టుకు పరిగెత్తాను.

అక్కడి గుమస్తా కేసును కంప్యూటర్లో ఎక్కిస్తూ ఆగాడు. "ఇద్దరిదీ ఒకటే పేరాండీ?"

"ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుండరాండీ? మీరు కొట్టండి. కంప్యూటర్ తప్పు చెప్పదు."

కేసు పిలిచారు. జడ్జి అమ్మగారు కాగితాలు తిప్పి, కళ్లజోడు సర్దుకుని, అందులో ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పారు. "సత్తిబాబు బోదెను సత్తిబాబు దౌర్జన్యంగా పూడ్చాడు. సత్తిబాబు అడ్డుపడితే, సత్తిబాబు పార ఎత్తి సత్తిబాబును చంపుతానన్నాడు. కాబట్టి సత్తిబాబు ఆ పొలంలో అడుగుపెట్టకుండా ఆపాలి. ఆపమంటారా ప్లీడరు గారూ?"

మొదటి మార్పుకే పన్నెండు పేజీల్లోనూ అందరూ గంగరాజులైపోయారనీ, రెండో మార్పుకు ఆ అందరూ సత్తిబాబులైపోయారనీ అప్పుడు నాకు తట్టింది.

సత్తిబాబు గారు చేతులు కట్టుకుని లేచారు. "అమ్మగారూ, నన్నాపేస్తే నా నారుమడికి నీళ్లెవరు పెడతారండి?"

హాలంతా గొల్లుమంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పాపం, ఆయన అడిగినదాంట్లో హాస్యమేమీ లేదు.

అమ్మగారు మధ్యాహ్నం దాకా గడువిచ్చారు. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదువుకుంటూ సరిదిద్ది తెచ్చాను. సాయంత్రానికి ఆర్డరొచ్చింది, మర్నాడు బోదెలో నీళ్లు పారాయి.

ఆ సాయంత్రం ఆర్డరు పట్టుకుని కోర్టు మెట్లు దిగుతుంటే గంగరాజు ఎదురయ్యాడు. ఏం జరుగుతుందో చూద్దామని పొద్దుట్నించీ వెనకబల్ల మీదే కూర్చున్నాడట. కొడతాడేమోననుకున్నాను. నమస్కారం పెట్టాడు.

"బాబుగారూ, నా మీద ఏలూరులో ఇంకో దావా ఉందండి. అది మీరే చూడాలండి."

"నేను మీ ఎదుటిపక్షం కదండీ?"

"అందుకేనండి. నా మీద దావా వేసి కూడా పొద్దుట నా పేరు ఒక్కచోటా పడనివ్వలేదు. ఇంతకన్నా మంచి ప్లీడరు నాకెక్కడ దొరుకుతాడండీ?"

ఆ మెట్ల మీదే కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఈ జన్మలో చదవని కాగితం కోర్టులో వెయ్యను. పేర్లు మార్చవలసి వస్తే, ముందు ఆ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ మారుస్తాను.