గింజను అడుగు

మా సైన్సు అయివారు దొరవారిసత్రంలో పోయినారని మూడు రోజుల తర్వాత బస్సు కండక్టరు చెబితే గానీ మా ఊరికి తెలియలేదు. విడవలూరు దగ్గరి ఈ సముద్రపు ఒడ్డు బడిలో తొమ్మిదేళ్ళు పాఠం చెప్పిన మనిషి ఆయన. ఆయన్ను బదిలీ మీద అంత దూరం తోలింది మా ఊరి అర్జీ. సంతాపసభలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఎనిమిదో తరగతిలో ఏదో చిన్న పుస్తకం చదివి ఎగిరిపడ్డాను. "పాత్రను బట్టి ఆకారం మారేది ద్రవం అన్నారు గదయివారూ! చెంబులో పోస్తే ఇసుకా చెంబు మాదిరే ఉంటది. అయితే ఇసుక ద్రవమే!"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. సోలెడు ఉప్పు తెప్పించి, కొసదేరేట్టు నాచేతే పోగు పెట్టించారు.

"ఇప్పుడు నీళ్ళు ఇట్లా పోగు పెట్టు, చూస్తా."

ఒక్క ఉప్పు గింజ తీసి నా అరచేతిలో పెట్టారు. "యాడ పెట్టినా దీని ఆకారం దీనిదే. గుంపును చూసి మోసపోబాకరా అబ్బయా, గింజను అడుగు."

ఇంకోనాడు దీపం చూపించి, ఈ మంట పదార్థానికి ఏ స్థితి అన్నారు. ఘనమని ఒకడు, వాయువని ఒకడు. "మంట వస్తువు గాదురా, జరిగే పని. నూనె ఆవిరి కాలతా ఉంటే అట్లా కనపడతది. ఆ వేడీ వెలుతురూ పదార్థం కావు. తక్కెట్లో వేసి తూచండి చూద్దాం!"

అంతే. అగ్నిదేవుడు లేడంటున్నాడని ఊరంతా అర్జీ పెట్టింది. "దేవుడి మాట నేనెత్తలేదు, తూకం మాట చెప్పినా" అని ఆయన రాసిచ్చినా బదిలీ ఆగలేదు.

మొన్న సభలో, ఆ అర్జీకి మొదటి సంతకం పెట్టిన బడి కమిటీ పెద్దే ఆయన పటం ముందు దీపం వెలిగించి, "అయివారు జ్యోతిలో కలిసిపోయినారు" అన్నాడు. నా ఒళ్ళు మండింది. లేచి ఒక్కొక్కరినే అడిగాను, ఎందుకు పెట్టారు సంతకమని.

"అందరూ పెట్టినారు గదా, నేనూ పెట్టినా" అన్నాడు ముందు వరసాయన.

పక్కాయనదీ అదే మాట. వెనకాయనదీ అదే. ఆఖరికి మా నాయన. అర్జీ మీద ముద్ర వేసిన తన గాటు బొటనవేలిని పైపంచెకు తుడుచుకున్నాడు.

"కూర్చోరా! పుస్తకాలు చదివి చెడినావు" అని ఎవరో అరిచారు.

నేను కూర్చోలేదు. ఆ అర్జీ తప్పని, మన్నించమని అయివారి భార్యకు ఒక ఉత్తరం రాసి, నా సంతకం చేసి, తప్పు ఒప్పుకునేవాళ్ళు కింద సంతకం పెట్టండని పటం ముందు బల్ల మీద పెట్టాను. గాలికి ఎగరకుండా దాని మీద సోలెడు ఉప్పు, కొసదేరేట్టు. జనం దాని పక్కనుంచే వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున వెళ్ళి చూశాను. ఉప్పు చెమ్మగిల్లింది, కొస నిలిచే ఉంది. కాగితం మీద నా సంతకం కింద ఒక్క వేలిముద్ర, నడుమ గాటు. మా నాయనది.