పదిహేడో రిఫరెన్సు

మాదాపూర్‌లో మా ఆఫీసు ఒక డాబా ఇంటి పై అంతస్తులో ఉండేది. కిటికీలోంచి చూస్తే బండరాళ్లు, వాటి వెనక కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనం కనిపించేవి. ఎక్కడ పని చేస్తున్నావని ఎవరైనా అడిగితే హైటెక్ సిటీలో అని దర్జాగా చెప్పేదాన్ని. ఆ భవనంలో మాత్రం ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

విదేశీ సైన్సు పత్రికలకు వచ్చే వ్యాసాలను అచ్చుకు సిద్ధం చేయడం మా పని. అందులో నా వంతుకు రిఫరెన్సులు పడ్డాయి. ఫలానా సంగతి ఫలానావాళ్లు ఫలానా ఏడాది ఫలానా పత్రికలో చెప్పారని వ్యాసం చివర వరసగా నంబర్లు వేసి ఇచ్చే జాబితా అది. లోపల ఆ సంగతి వచ్చిన వాక్యం పక్కన ఆ నంబరు ఉండాలి. రచయితలు దాన్ని ఇష్టమొచ్చినట్టు రాసి పంపేవారు. ఒక పత్రికకు ఏడాది ముందు కావాలి, ఇంకోదానికి చివర కావాలి. ఒకరికి కామా ముద్దు, ఇంకొకరికి అది కంట్లో నలుసు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్కలు తీసి కామాలు పెట్టడం, కామాలు తీసి చుక్కలు పెట్టడం. ఎమ్మెస్సీ బోటనీ చదివింది ఇందుకా అని రోజూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

మానేద్దామంటే బాండు అడ్డం. చేరిన రోజునే ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండేళ్లు నిండితే గానీ ఇవ్వరు. మదీనాగూడ నుంచి షేర్ ఆటోలో ఒదిగి కూర్చుని వస్తూ, ఇంకెన్నాళ్లు అనుకునేదాన్ని. నాకు ఊపిరాడేది ఒకే ఒక్క ఆశ వల్ల. అది మా గైడుగారు ఇచ్చిన మాట.

ఈ ఉద్యోగానికి ముందు యూనివర్సిటీలో ఆయన ప్రాజెక్టులో పని చేశాను. వేరుశనగలో తిక్క తెగులు మీద పని. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం పెట్టి ఆకుల మీది మచ్చలు చూడటమే రెండు పంటకాలాలు చేసిన చాకిరీ. మచ్చలు ముందు కింది ఆకుల్లో వస్తాయని అందరూ అనేవారు. మేం వేసిన రకంలో అవి నడిమి ఆకుల్లో మొదలవుతున్నాయని నేను కనిపెట్టాను. ఆయన ముందు నమ్మలేదు. తర్వాత తనే పొలానికి వచ్చి చూసి, "శభాష్ అమ్మా, ఇది నీ పేపరు. నీ పేరే ముందు వేద్దాం" అన్నారు. ప్రాజెక్టు ముగిసింది, ఇంట్లో జీతం అవసరమైంది, నేను ఇటు వచ్చేశాను. పేపరు అచ్చయితే ఫెలోషిప్పు వస్తుంది, వెనక్కి వచ్చి పీహెచ్‌డీలో చేరవచ్చు అన్నారాయన.

అప్పుడప్పుడూ టెలిఫోన్ బూత్ నుంచి ఫోన్ చేసేదాన్ని.

"పేపరు చివరికి వచ్చేసిందమ్మా. రిఫరెన్సులే మిగిలాయి."

"రిఫరెన్సులు నేను చేసి ఇచ్చేశాను కదండీ, సార్?"

"అవుననుకో. ఒకసారి చూసుకోవాలి కదమ్మా."

ఊళ్లో అందరి రిఫరెన్సులూ దిద్దుతున్నదాన్ని, నావి మాత్రం ఎప్పటికీ మిగిలే ఉన్నాయంటే ఒళ్లు మండేది. అయినా "సరేనండీ" అని పెట్టేసేదాన్ని.

ఒకరోజు నా ముందుకొచ్చిన వ్యాసం తెరిస్తే పైన మా గైడుగారి పేరుంది. తెగుళ్ల మీద ఆయన విడిగా రాసిన వ్యాసం. గబగబా చివరికెళ్లి జాబితా చూశాను. పదిహేడో రిఫరెన్సులో నా పేరు ముందు, ఆయన పేరు తర్వాత. పేపరు పేరు, దాని పక్కన 'రాతలో ఉంది' అన్న మాట. కుర్చీలోంచి లేచి మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ చదువుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ రోజంతా గాల్లో తేలాను.

కానీ అచ్చుకాని పేపర్లు ఆ పత్రిక జాబితాలో ఉండకూడదు. అలాంటిది కనిపిస్తే రచయితను అడగాలి. నేరుగా కాదు. రచయితలతో మాట్లాడితే ఉద్యోగం పోతుంది. ప్రశ్న కాగితం మీద టైప్ చేస్తే విదేశంలోని పత్రిక ఆఫీసు నుంచి ఆయనకు వెళ్తుంది. అడిగేవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. 'పదిహేడో రిఫరెన్సు అచ్చయిందా? అయితే వివరాలు తెలపండి. లేకపోతే ఏం చేయాలో చెప్పండి' అని రాశాను. ఫోన్లో అడగలేక మింగిన ప్రశ్న అదే. ఎవరో దొరగారు అడిగారని ఆయన అనుకుంటారు, దొరలకైతే జవాబు నిజం చెప్తారు అనుకున్నాను.

జవాబు ఫ్యాక్స్‌లో వచ్చింది. నా చిత్తుప్రతుల మీద ఎన్నోసార్లు చూసిన ఆ వాలు రాతే. 'ఈ రిఫరెన్సు తీసేయండి. ఆ వ్యక్తి పరిశోధన మానేశారు.'

నేను మానేశానని నాకెవరూ చెప్పలేదు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ బీరువా తాళం రేపే తీసినా నేను వెళ్లడానికి చోటు లేదు. ఆ సంగతి అర్థమయ్యాక ఆ గదిలో ఉక్కపోసింది.

పని మాత్రం చేశాను. పదిహేడు తీసేసి పద్దెనిమిదిని పదిహేడు చేశాను, కిందివన్నీ ఒక్కొక్కటీ పైకి జరిపాను. మా టీమ్ లీడర్ చివరిసారి చూడటానికి వచ్చింది. నానక్‌రామ్‌గూడ అమ్మాయి, నాకన్నా చిన్నది.

"అక్కా, గీ లైనుకు నంబరేది?" అంది.

నా పేపరును జాబితాలోంచి తీసేయమన్న మనిషి, వ్యాసం మధ్యలో అందులోని సంగతిని అలాగే ఉంచుకున్నాడు. 'ఇంతకు ముందు చూపినట్టుగా, ఈ రకంలో మచ్చలు నడిమి ఆకుల్లో మొదలవుతాయి.'

"ఇంతకు ముందు చూపినట్టు అంటున్నడు గద. ఎవలు చూపిన్రు?"

"నేను" అన్నాను.

ఆమె నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతా చెప్పాను.

"ఇంకోసారి అడుగుదాం. ఎవరు చూపించారో చెప్పమందాం. చెప్పనీ!" అన్నాను.

"ఒప్పుకోరక్కా. జవాబు వచ్చినంక మల్ల అడిగేది లేదు. సాయంత్రం ఫైలు పోవాలె." నా భుజం మీద చెయ్యి వేసింది. "గా ముందటి మాట తీసెయ్, లైను సాఫ్ అయితది."

"నువ్వు తియ్యి. నా చేత్తో తియ్యలేను."

"నేనెట్ల తీస్తనక్కా? ఫైలు నీ పేరు మీదుంది."

'ఇంతకు ముందు చూపినట్టుగా' అన్న మాటల్ని చెరిపేశాను. మిగిలింది చదివాను. ఈ రకంలో మచ్చలు నడిమి ఆకుల్లో మొదలవుతాయి. వాక్యంలో ఎక్కడా తప్పు లేదు. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని చూసింది నేను. ఇకనుంచి చూసింది ఆయన.