కుర్చీల బస్సు నడిపించిన మా కొమురెల్లి తమ్ముడు

నిన్న పొద్దున మిరపచేనులో ఉన్నాను. మా మనవడు ప్రవీణ్ ఫోన్ చేశాడు.

"నాయినమ్మా, కొమురెల్లి సార్ లేడే."

"నోర్ముయ్‌రా. పొద్దుపొద్దుగాల ఏం మాటలవి!" అని తిట్టాను.

వాడు మళ్లీ అదే అన్నాడు. గుండెపోటట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట.

గట్టు మీద కూలబడ్డాను. చేతులనిండా మిరప ఘాటు. కళ్లు తుడుచుకుందామన్నా వీల్లేదు.

కారనిచ్చాను.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే ప్రవీణే తన ఫోన్‌లో రాస్తున్నాడు. యాస సరిచేసినా సరే, చెప్పిన సంగతి ఒక్కటి కూడా మార్చొద్దని ముందే చెప్పాను.

కొమురెల్లి ఎవరో తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కేసుల్లో ఇరుక్కున్న పిల్లలను ఉంచే హోమ్ వరంగల్‌లో ఉంది. శనివారం వస్తే చాలు, అక్కడికి పోయి ఆ పిల్లలతో నాటకాలు ఆడించేవాడు. ఒగ్గు కథ చెప్పే ఇంట్లో పుట్టినవాడు.

మా ప్రవీణ్ పదహారేళ్లప్పుడు దోస్తులతో కలిసి ఎవరిదో బైక్ ఎత్తుకుపోయి దొరికాడు. ఆ హోమ్‌లోనే పెట్టారు. ఇది రాయాలా వద్దా అని వాడినే అడిగాను.

"సార్ గురించి చెప్పాల్నంటే అది చెప్పకుంట ఎట్ల నాయినమ్మా? రాస్త" అన్నాడు.

తల్లీ తండ్రీ లేని పిల్లాడు. నేనే పెంచాను. నర్సంపేట నుంచి బస్సెక్కి చూడటానికి పోతే తల వంచుకొని కూర్చునేవాడు. "తిన్నవారా?" అంటే "ఆఁ". అంతే. ఇంకో మాట ఉండేది కాదు.

ఒకసారి ఆ వరండాలోనే కొమురెల్లి ఎదురుపడ్డాడు. నాటకాల సార్ అని తెలియగానే పట్టుకున్నాను.

"దొంగతనం చేసినోనికి యాక్టింగ్ నేర్పుతానవా? రేపు జడ్జి ముంగట దొంగ ఏడుపు ఏడుస్తడు!"

ఆయన నవ్వాడు. "అక్కా, యాక్టింగ్ వీళ్లకు నాకన్న మస్తు వచ్చు. లోపట ఎంత రంధి, ఎంత బాధ ఉన్నా ఏం గానట్టు నటిస్తాండ్లు. నేను అది బంద్ జేపిస్తాన."

"ముచ్చట్లు మంచిగనే చెప్తానవ్" అని మూతి తిప్పుకొని వచ్చేశాను.

తర్వాత ఒక శనివారం ఇంటివాళ్లందరినీ పిలిచి పిల్లల ప్రోగ్రామ్ పెట్టారు.

ఎవరి చేతిలోనూ కాగితం లేదు. ఒగ్గు కథలో ఒకరు కథ నడిపిస్తుంటే పక్కనున్నవాళ్లు మాట అందిస్తారు కదా, అట్లా. ఎదుటివాడు విసిరిన మాట పట్టుకొని ముందుకు పోవాలి. "కాదు" అని తెంపొద్దు. అదొక్కటే కొమురెల్లి రూల్.

నేను నోరు తెరిస్తే ముందు వచ్చేదే "కాదు".

కుర్చీలు రెండు వరసలు వేశారు, అది నర్సంపేట బస్సు. అన్నం తినే స్టీల్ ప్లేట్ స్టీరింగ్. డ్రైవర్ మా ప్రవీణ్.

కొమురెల్లి నా వైపు తిరిగాడు. "అక్కా, ముసలవ్వ సీటు ఖాళీ ఉంది. ఎక్కుతవా?"

"నాకు నాటకం రాదు పో."

"నాటకం ఎవలు ఆడుమన్నరు? బస్సెక్కుమంటాన."

సంచి పట్టుకొని ఎక్కి కూర్చున్నాను. కండక్టర్ వేషం పిల్లాడు వచ్చి "టికెట్ అవ్వా" అన్నాడు.

"ఆడోళ్లకు ఫ్రీ కాదురా? ఇగో సూడు" అని సంచిలోంచి నిజంగానే ఆధార్ కార్డు తీసి చూపించాను.

హాలంతా ఒకటే నవ్వు. ఆ కండక్టర్ పిల్లాడు మాత్రం నవ్వలేదు, కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు దొరలాగా.

"ఎటు వోతానవ్ అవ్వా?"

"నా మనుమన్ని సూడవోతాన."

"ఏం జేత్తాండు నీ మనుమడు?"

కార్డు గుంజుకొని సంచిలో పెట్టుకున్నాను. నవ్వులు ఆగిపోయాయి.

బస్సు ఆగింది. అంటే, ప్రవీణ్ ఆ ప్లేట్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు. ఎవరో తెలియని ముసలామెను అడిగినట్టే అడిగాడు.

"అవ్వా, నీ మనుమడు తిరిగొస్తే ఇంట్లకు రానిస్తవా?"

అప్పుడు అర్థమైంది నాకు. పోయిన ప్రతిసారీ వాడు తల వంచుకొని కూర్చున్నది ఈ మాట అడగలేక.

కొమురెల్లి వైపు చూశాను. ఏదైనా అందిస్తాడేమోనని. ఆయన గోడకు ఆనుకొని నేల చూస్తున్నాడు. జవాబు నన్నే చెప్పుకోనిచ్చాడు.

"బస్సెందుకు ఆపినవ్‌రా? మనుమడు బస్సుల్నే ఉన్నడు. పొద్దుగూకుతాంది, ఇంటికి తోలు!"

వెనక సీట్ల పిల్లలంతా "రైట్ రైట్" అని అరిచారు. ప్రవీణ్ ప్లేట్ పట్టుకున్నాడు. నోటితో ఇంజన్ చప్పుడు చేస్తూనే ఏడ్చాడు.

ఆ హాల్లో నేను కూడా ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేంటి.

ఇప్పుడు వాడు నర్సంపేటలో ట్రాక్టర్ మెకానిక్ దగ్గర పని చేస్తున్నాడు. కొమురెల్లి అటు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో తినకుండా పోయేవాడు కాదు. గుమ్మంలో నిలబడి "అక్కా, టికెట్" అని చెయ్యి చాపేవాడు. ఆ చేతి మీద నేనొక దెబ్బ వేసేదాన్ని.

నిన్న ఆయన పోయిన వార్త కింద ఎవరో కామెంట్ పెట్టారట, "దొంగ పిల్లలకు నాటకాలు నేర్పిన సార్" అని.

అవును, నేర్పాడు. ఆ రాసినాయన ఒకసారి నా ముందుకొచ్చి ఆ మాట అనాలి.

నా మనవడు ఇంట్లో ఉన్నాడు. పొద్దున పనికి పోతాడు, రాత్రి నా పక్కన కూర్చొని తింటాడు. నాకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ హోమ్‌లో ఇంకా పిల్లలున్నారు. ఇంటివాళ్లను అడగలేని మాటలు వాళ్ల కడుపులోనూ ఉంటాయి. కొమురెల్లితో స్టేజీ ఎక్కినవాళ్లు ఈ పోస్ట్ చూస్తే, మీలో ఎవరో ఒకరు వచ్చే శనివారం అక్కడికి పోండి. పర్మిషన్ అడగడానికి తోడు కావాలంటే నేను వస్తాను. గేటు దగ్గర ఎంతసేపైనా కూర్చుంటాను.

తమ్మీ కొమురెల్లీ, ఊళ్లోళ్ల పోరగాళ్ల రంధి అంత నువ్వే మోసినవ్.

ఇగ ఏ ఫికర్ పెట్టుకోకు. నిమ్మళంగ పండుకో బిడ్డా.